ఆ పుట్టుమచ్చ ఎవరిది?

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. వయసు 42. పెళ్లికి ముందు నుంచే కవితలు రాస్తున్నా, పత్రికలకు పంపడం మొదలుపెట్టింది ఈ మధ్యనే. అచ్చయిన ఒక ప్రేమ కవితకు మంచి పేరొచ్చింది. అందులో ఒకామె రాత్రంతా ఒకతని కోసం ఎదురుచూస్తుంది. అతను రాడు. అతని మణికట్టు మీద ఒక పుట్టుమచ్చ ఉంటుంది. తెల్లవార్లూ ఆమె తలుచుకునేది ఆ మచ్చనే.

భర్త కవిత చదివి రెండు రోజులు ఏమీ అనలేదట. మూడో రోజు "ఆ మచ్చ ఎవరిది?" అని అడిగారట. ఆయన చేతికి మచ్చ లేదు. ఈవిడ కంగారుపడి "ఎవరిదీ కాదు, అంతా ఊహే" అనేశారు. నాకు రాసిన ఉత్తరంలో మాత్రం అసలు సంగతి చెప్పారు. మచ్చ డిగ్రీలో తనతో చదివిన ఒకబ్బాయిది. ఇద్దరి మధ్యా ఏమీ లేదు, మాట్లాడుకున్నది కూడా తక్కువే, ఇప్పుడు ముఖం సరిగా గుర్తు లేదు. కవితలో అతను మాట్లాడే తీరు భర్తది. ఇక ఆ ఎదురుచూపు తన తల్లి ఐసీయూలో ఉన్నప్పుడు బయట కుర్చీలో గడిపిన రాత్రులది. మొదటి నాలుగు పంక్తులు అక్కడే ఫోన్‌లో రాసుకున్నారు. ఆ రాత్రుల్లో భర్త కూడా పక్క కుర్చీలోనే ఉన్నారు.

ఈలోగా ఆడపడుచు ఆ కవితను ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టి "మా వదిన ఎవరి కోసమో తెగ ఎదురుచూస్తోంది" అని ఒక నవ్వు బొమ్మ తగిలించింది. తెలియని పాఠకుడొకరు "ఇది నా కోసమే రాసినట్టుంది" అని మొదలుపెట్టి, ఇప్పుడు రోజూ మెసేజ్‌లు పెడుతున్నారు. భర్త "నా మీద ఒక్కటీ రాయలేదేం?" అన్నారు, తర్వాత "ఇకమీదట పంపే ముందు నాకు చూపించు" అన్నారు. వచ్చే నెల ఒక సభలో ఈ కవితే చదవమని పిలుపు వచ్చింది. "రాయడం మానేయనా? కలం పేరు పెట్టుకోనా? మచ్చ సంగతి చెప్పేయనా? ఆయనతో అనలేనివే నేను కవితలో అంటాను, అదీ పోతే నాకేం మిగులుతుంది?" అని అడుగుతున్నారు.

సమాధానం

మీ ఉత్తరంలో నన్ను ఆపింది పుట్టుమచ్చ కాదండీ, మీరు పక్క సంగతిలా రాసేసిన ఐసీయూ. తల్లి బతుకుతుందో లేదో తెలియని రాత్రి ప్రియుడు రాని రాత్రిగా మారి కాగితం మీదికి వచ్చింది. దానికి ఎప్పుడో చూసిన ఒక చెయ్యి దొరికింది, రోజూ ఇంట్లో వినే ఒక మాటతీరు దొరికింది. మూడు చోట్ల నుంచి వచ్చినవి కలిసి ఒక మనిషి తయారయ్యాడు. ఆ మనిషి ఎక్కడా లేడు. అయినా అతనిలో మీరు చూడనిది, విననిది ఒక్కటీ లేదు. ప్రేమ కవితల్లో చాలావాటి పుట్టుక ఇంతే.

అందుకే మీరు చెప్పిన "అంతా ఊహే" అన్నది పూర్తి అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు. చిక్కులో పడ్డ కవులు ముందుగా పట్టుకునేది ఈ మాటనే. దానితో వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, కవిత బాగుంటే ఆ మాట ఎవరూ నమ్మరు. కవిత నీరసంగా ఉంటే అడిగేవాళ్లే ఉండరు. మీ వారికి అనుమానం వచ్చిందంటే ఆ మచ్చ కవితలో దాని పని అది చేసిందన్నమాట. మచ్చ తీసేసి "నీ అందమైన చేతులు" అని రాసి ఉంటే ఇంట్లో ఈ గొడవ ఉండేది కాదు. ఆ కవితను అచ్చు వేసేవాళ్లు కూడా ఉండేవారు కారేమో.

చదివేవాళ్ల తప్పు కూడా పెద్దగా లేదు. కవితలో "నేను" అని కనబడగానే రాసిన మనిషే గుర్తొస్తుంది. "నువ్వు" అని కనబడగానే ఆ ఖాళీలో ఎవరినో ఒకరిని కూర్చోబెట్టాలనిపిస్తుంది. అపరిచితులైతే తమను తాము కూర్చోబెట్టుకుంటారు, మీ పాఠకుడు చేసింది అదే. మిమ్మల్ని ఎరిగినవాళ్లైతే మీ చుట్టూ ఉన్నవాళ్లలో వెతుకుతారు. మీ ఆడపడుచు చేసింది ఇది. భర్త పరిస్థితి ఇంకా కష్టం. ఆయన ముందు తనను వెతుక్కున్నారు. మాటతీరులో దొరికే ఉంటారు. తర్వాత మచ్చ దగ్గరికి వచ్చేసరికి అది తను కాదని తెలిసింది. రెండు రోజుల మౌనం ఎందుకో నాకు అక్కడ అర్థమైంది.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. వాల్మీకి క్రౌంచపక్షిని చూసి శ్లోకం చెప్పిన కథ మీకు తెలుసు. వెయ్యేళ్ల కిందటి కశ్మీరు పండితుడు అభినవగుప్తుడు ఆ శ్లోకంలోని శోకం గురించి ఒక తెగువైన మాట అన్నాడు. అది మునికి సొంతంగా కలిగిన దుఃఖం అనుకోకూడదన్నాడు. నిజంగా దుఃఖంలో కూరుకుపోయి ఉన్నవాడికి శ్లోకం చెప్పే స్థితి ఉండదు కదా అన్నది ఆయన వాదం. కవిత్వంలోకి వచ్చేసరికి ఆ శోకం ఫలానా వ్యక్తిదనే గుర్తు పోగొట్టుకుని, చదివే అందరిదీ అవుతుంది. నాకు ఈ మాట చాలావరకు నచ్చుతుంది, కానీ మీ వారికి దీన్ని వినిపించమని మాత్రం చెప్పను. మనసు నొచ్చుకున్న మనిషికి అలంకారశాస్త్రం చెబితే తప్పించుకోవడానికి చెబుతున్నట్టే ఉంటుంది. ఇది మీకోసం. మీరు తప్పేమీ చేయలేదని మీకు ముందు తెలియాలి.

ఇంకో సంగతి. 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాలు చూడండి. అలిగిన ఆడది, ఆలస్యంగా వచ్చినవాణ్ని నిలదీసే ఆడది, సిగ్గు విడిచి పిలిచే ఆడది, అందరూ మాట్లాడతారు. రాసింది మగవాడు. ఆయన్ని "ఈ అనుభవాలు ఎవరివి" అని నిలదీసినవాళ్లు లేరు. నాయిక మాట అని విన్నారు, కొందరు భక్తి అన్నారు. కానీ 18వ శతాబ్దంలో తంజావూరు రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో గణిక అయిన ముద్దుపళని 'రాధికా సాంత్వనము' అనే శృంగార కావ్యం రాసింది. అందులో ఉన్నది రాధ, ఆమె పెంచిన ఇళ, కృష్ణుడు. ఎక్కడా "నేను ముద్దుపళనిని" అని చెప్పుకునే శృంగారం లేదు. అయినా తర్వాతి కాలంలో కందుకూరి వీరేశలింగం అంతటివారు ఆమె బతుకును ఎత్తిచూపి, ఆడదాని నోట రాకూడని మాటలు రాసిందని తీసిపారేశారు. 1910లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చు వేయించి, సిగ్గు ఆడవాళ్లకే ఉండాలా, మగవాళ్లకు అక్కరలేదా అని అడిగింది. బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో టంగుటూరి ప్రకాశం చొరవ తీసుకుంటే గాని ఆ నిషేధం పోలేదు.

దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, మీ వారి ప్రశ్ననూ మీ ఆడపడుచు వెటకారాన్నీ మీరు ఒకే గంపలో వేస్తున్నారు. ఆడపడుచుది ఆ పాత అలవాటు. ఆడమనిషి రాస్తే కవిత పక్కన పెట్టి మనిషిని చదవడం. మీ మరిది ఎదురుచూపుల కవిత రాసి ఉంటే ఆ నవ్వు బొమ్మ పడేదా? పడితే మెచ్చుకోలుగా పడేది. దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. గ్రూపులో ఏమీ రాయకండి. మరీ మనసు ఊరుకోకపోతే "చదివినందుకు థాంక్స్, పత్రికలో బొమ్మ కూడా బాగా వేశారు" అనేయండి. వివరణ ఇచ్చారో, పెళ్లిళ్లలోనూ పండగల్లోనూ ఏళ్ల తరబడి ఇస్తూనే ఉండాలి.

మీ వారి ప్రశ్న వేరు. కవితకు సంబంధించినంతవరకు అది పనికిమాలిన ప్రశ్నే, మచ్చ ఎవరిదో తెలిసినంత మాత్రాన కవిత ఒక్క పంక్తి కూడా ఎక్కువ అర్థం కాదు. కానీ ఇల్లు అనేదానికి అది న్యాయమైన ప్రశ్న. ఆయన అడిగింది కవయిత్రిని కాదు, భార్యను. మీరు కవయిత్రిగా జవాబు చెప్పారు. తేడా అక్కడ వచ్చింది.

ఇప్పుడు చెప్పాలా వద్దా అన్నది. చెప్పకుండా వదిలేస్తే గొడవ కొన్నాళ్లకు సద్దుమణగవచ్చు. మనుషులు మరిచిపోతారు. కానీ మీరు తర్వాత రాసే ప్రతి కవితలోనూ ఒక చొక్కా రంగో, ఒక నవ్వో వస్తుంది, మళ్లీ అదే ప్రశ్న వస్తుంది, మళ్లీ "ఊహే" అనాలి. పైగా అలాంటి ప్రశ్న రాకుండా చూసుకోవాలని మీరే జాగ్రత్తగా రాయడం మొదలుపెడతారు. మీకు తెలియకుండానే ఆ జాగ్రత్త చేతిలోకి వచ్చేస్తుంది. ఆయన ఏమీ నిషేధించకపోయినా మీ కవితలు సన్నబడిపోతాయి.

చెబితే? అదీ ఖర్చు లేనిది కాదు. మచ్చ ఒక్కటే చెబితే ఆయనకు మచ్చ ఒక్కటే వినబడుతుంది. అందుకని చెప్పదలిస్తే మొత్తం చెప్పండి, క్రమం మార్చి చెప్పండి. ముందు ఐసీయూ. ఫోన్‌లో ఆ రోజు రాసుకున్న నాలుగు పంక్తులు ఇంకా ఉంటే తీసి చూపించండి, తేదీ ఉంటుంది. "ఎదురుచూసింది అమ్మ కోసం. ఆ రాత్రి మీరూ ఉన్నారు. కవితలో అతను మాట్లాడేదంతా మీ మాటే. మచ్చ డిగ్రీలో నాతో చదివిన ఒకతనిది, అది ఎందుకు గుర్తుందో నాకే తెలియదు. మీరు అడిగినప్పుడు కంగారుపడి ఊహ అనేశాను." ఇంతే. ఎక్కువ బతిమాలకండి, ప్రమాణాలు చేయకండి. పేరు అడిగితే చెప్పేయండి. దాచిన పేరుకు లేని బరువు వస్తుంది.

దీని తర్వాత ఆయన తేలికపడవచ్చు. ఆ ఆసుపత్రి రాత్రులు తనవి కూడా కాబట్టి కవిత ఆయనకు మరోలా తెరుచుకోవచ్చు. లేదా నాలుగు రోజులు ముఖం ముడుచుకోవచ్చు. పాతికేళ్ల కిందటి చెయ్యి ఎందుకు గుర్తుందని ఆయన నిజంగానే అడగవచ్చు. జ్ఞాపకానికి మన అనుమతి అక్కరలేదన్నది దానికి నిజాయతీగల జవాబు. ఆయనకూ అలాంటివి నాలుగు ఉంటాయి, రాయడు కాబట్టి బయటపడవు. ఒకసారి మనసు విప్పి చెప్పాక, రోజూ అదే విచారణ జరుగుతుంటే మాత్రం ఒప్పుకోకండి. చెప్పేశాను, ఇక కొత్తగా చెప్పడానికేమీ లేదు అనండి.

ఒక హెచ్చరిక. ఆయన కోపం వస్తే చేయి చేసుకునే మనిషో, ఇలాంటి మాటను ఏళ్ల తరబడి ఆయుధంగా వాడే మనిషో అయితే అన్నీ చెప్పేయమన్న పై సలహా మీకు వర్తించదు. మీ ఉత్తరంలో నాకు అలాంటి జాడ కనబడలేదు. కానీ ఆ ఇంట్లో ఉంటున్నది మీరు, నేను కాదు.

"పంపే ముందు చూపించు" అన్న మాట దగ్గర కాస్త నిదానించాలి. ఆ మాటకు రెండు అర్థాలుంటాయి. ఊళ్లోవాళ్లతో పాటు నేనూ పత్రికలో చదవడం బాగాలేదు, నాకు ముందు తెలిస్తే బాగుండు అనేది ఒకటి. నేను ఒప్పుకుంటేనే పంపాలి అనేది రెండోది. ఏదో కనుక్కోండి, ఆయన్నే అడగండి. మొదటిదైతే, పత్రికకు పంపేశాక, అచ్చు కాకముందు చూపించడం ఒక మధ్యేమార్గం. అప్పటికి మార్చమనే వీలు ఉండదు, బయటివాళ్ల ద్వారా తెలిసిందన్న బాధా ఉండదు. రెండోదైతే మొదట్లోనే కుదరదని చెప్పడం మంచిది. ఇప్పుడు సర్దుకుపోయి, పది కవితల తర్వాత ఎదురుతిరిగితే ఆయనకు అది మోసంలా అనిపిస్తుంది. ఇంట్లో మొదటి పాఠకుడు ఉండటం కొందరికి గొప్ప బలం. మరికొందరికి రాస్తున్నప్పుడే భుజం మీంచి ఎవరో చూస్తున్నట్టుంటుంది. మీరు ఏ రకమో మీకే తెలుస్తుంది.

"నా మీద రాయలేదేం" అన్నదానికి వెంటనే ఒక కవిత రాసి చేతిలో పెట్టాలని మీకు అనిపించి ఉంటుంది. వద్దండీ. సంజాయిషీగా రాసిన ప్రేమ కవితను మించిన చప్పటిది లేదు, ఆయనకూ అది తెలిసిపోతుంది. పక్కన ఉన్న మనిషి మీద రాయడం నిజంగానే కష్టం. ప్రేమ కవిత్వం ఎక్కువగా దూరం మీద బతుకుతుంది. రానివాడు, వెళ్లిపోయినవాడు, అందనివాడు, వీళ్లే కవితలకు దొరికేది. రోజూ కనిపించే మనిషి మీద కవిత లేకపోతే ప్రేమ లేదని కాదు. ఎడబాటు మీద ఇన్ని కవితలు, కాపురం మీద ఇన్ని తక్కువ ఎందుకున్నాయో ఆయనకు ఈ కోణంలోంచి చెప్పండి. ఎప్పుడైనా ఆయన మీద కవిత వస్తే రానివ్వండి. అందులో ఆయనకు నచ్చని నిజాలూ ఉంటాయని ముందే అనుకోండి.

చిత్రమేమిటంటే దీనికి తిరగబడ్డ కథ కూడా ఉంది. ఇటలీ కవి పెట్రార్క్ జీవితమంతా లారా అనే స్త్రీ మీద కవితలు రాశాడు. ఆయన స్నేహితుడైన ఒక బిషప్పు, లారా అనేది నువ్వు కల్పించిన పేరే గాని అలాంటి మనిషి లేదని ఆటపట్టించాడు. 1336లో రాసిన జవాబులో పెట్రార్క్, అది నిజంగా నటనే అయితే ఎంత బాగుండేది అని బాధపడ్డాడు. ఆయన ఉందని మొత్తుకున్నా నమ్మలేదు, మీరు లేడని మొత్తుకున్నా నమ్మడం లేదు. ఇప్పటికీ లారా ఎవరో ఖాయంగా తేలలేదు. కవితలు మాత్రం చదువుతూనే ఉన్నారు.

ఆ పాఠకుడి సంగతి త్వరగా తేల్చేద్దాం. "నా కోసమే రాసినట్టుంది" అన్నది మీకు దక్కిన మెప్పు, తీసుకోండి. కవితలో తనను చూసుకునే హక్కు అతనికి ఉంది. అక్కడి నుంచి మీ దగ్గరికి నడిచి వచ్చే హక్కు లేదు. మీరు రాసిన స్త్రీ ఒంటరిది, కాబట్టి మీరూ ఒంటరివారే అని అతను లెక్క కట్టుకున్నాడు. ఒక్క వాక్యం రాయవచ్చు: "కవిత నచ్చినందుకు సంతోషం, నేను వ్యక్తిగత సంభాషణలు చేయను." తర్వాత కూడా ఆగకపోతే బ్లాక్ చేయండి. ఏమీ రాయకుండా నేరుగా బ్లాక్ చేసినా తప్పు లేదు. అయితే ఒకటి అడుగుతాను, మీలోపలే జవాబు చెప్పుకోండి. ఆ మెసేజ్‌లు ఆగితే వెలితిగా ఉంటుందా? ఉంటే అది నేరమేమీ కాదు. మీ ఇంట్లో ఎవరూ మీ కవిత గురించి కవితగా మాట్లాడటం లేదు, అతను మాట్లాడాడు. ఆ ఆకలి తీరడానికి తోటి రచయితలు నలుగురిని వెతుక్కోవడం అతనికి జవాబివ్వడం కన్నా క్షేమం.

కలం పేరు గురించి. చుట్టాల నోళ్లు మూయించడానికి అది పనికొస్తుంది. మీ ఇంట్లో సమస్యకు పనికిరాదు, ఎందుకంటే ఆయనకు తెలిసి పెట్టుకుంటే ప్రశ్నలు అలాగే ఉంటాయి, తెలియకుండా పెట్టుకుంటే బయటపడిన రోజు మచ్చ కన్నా పెద్ద గొడవ అవుతుంది. ఇప్పటికే మీ పేరుకు కొంత గుర్తింపు వచ్చింది, దాన్ని వదులుకోవాలా అన్నదీ చూసుకోండి. కవిత కింద "పాత్రలన్నీ కల్పితం" అని వేయిద్దామా అని కూడా ఒకచోట అడిగారు. అలా వేస్తే అనుమానం లేనివాళ్లకు కూడా కొత్తగా వస్తుంది!

మానేయడం మీరు అడిగిన మొదటి ప్రశ్న, నేను చివరికి తెచ్చాను. మానేయవచ్చు. కొంతకాలం ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. కానీ "ఆయనతో అనలేనివే కవితలో అంటాను" అని మీరే రాశారు. ఆ అనలేనివి ఎక్కడికీ పోవు. ఇంకో పదేళ్లకు మీరు రాయకపోవడానికి కారణం ఆయనే అని నమ్ముతుంటారు. ఆయన మానేయమని అననే లేదు కాబట్టి ఆ నేరం ఎందుకు పడిందో ఆయనకు అర్థం కాదు. నా లెక్కలో మీ వారిని నొప్పించింది మచ్చ కన్నా ఆ అనలేనితనమే కావచ్చు. తనతో పంచుకోనిది ముక్కూ ముఖం తెలియనివాళ్లు చదువుతున్నారన్నది. అలాంటివాటిలో ఒకటి, చిన్నదే, ఈసారి కవితలో కాకుండా మామూలు మాటల్లో ఆయనతో అని చూడండి. కవితకు దాచుకోవాల్సినవి మీకు చాలానే మిగులుతాయి.

ఇక వచ్చే నెల సభ. ఈ కవితే చదవాలని రూలేమీ లేదు, కానీ తప్పించారంటే ఇంట్లోవాళ్లకు అది ఒప్పుకోలులా కనబడుతుంది. చదివితే ఎవరో ఒకరు నవ్వుతూ "అతనెవరండీ?" అని అడగడం ఖాయం. "రాసేటప్పుడు చాలామంది ఉన్నారు" అని చెప్పి తర్వాతి కవితకు వెళ్లిపోండి, అది నిజం కూడా. మీ వారిని రమ్మని పిలవండి, రానంటే బలవంతం చేయకండి. అంతకన్నా ముందు ఐసీయూ సంగతి ఆయనకు చెప్పి ఉంటే మంచిది, జనం మధ్య కూర్చుని వినేటప్పుడు ఆయనకు ఒక ఆధారం ఉంటుంది. ఈ ఒక్కటీ చదివితే మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి, కాబట్టి ప్రేమతో సంబంధం లేని కవితలు రెండు కూడా పట్టుకెళ్లండి.